నీలం బకెట్టు చెప్పిన సమయం

ఆదివారం, మార్చి పదహారు
మా వరండాలోంచి

గువ్వకి,

ఉత్తరం అన్నాక ముందు క్షేమసమాచారాలు ఉండాలని మన టీచరు నేర్పింది కాబట్టి అవే ముందు. ఇక్కడ మా ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు మాత్రం మెట్లు కనపడగానే అలుగుతోంది. నాన్న ఎప్పటిలాగే పేపరు చదవడం మొదలుపెట్టి పేపరు మీదే నిద్రపోతున్నారు. అక్కడ నువ్వూ, మీ అమ్మ, అదే మా టైలరత్తా బాగున్నారని తలుస్తాను. 'తలుస్తాను' అని రాశాక కలం చాలాసేపు ఆగిపోయింది. పదమూడు నెలలు నోరు మెదపనిదాన్ని, ఇప్పుడొచ్చి ఏం తలుస్తాను? అయినా కొట్టెయ్యలేదు, అది నిజం కాబట్టి.

కవరు మీద నా దస్తూరి చూడగానే చించి పారేద్దామని నీకు అనిపించి ఉంటుంది. నీ చేతులు ఎంత తొందరపడతాయో నాకు తెలుసు. అందుకే అసలు సంగతి ముందే చెప్పేస్తున్నాను. మన వీధి మలుపులో మూతపడిన మందుల కొట్టు ఉంది కదా, అందులో ఒక ప్రదర్శన పెడుతున్నారు. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం తలుపులు తెరుస్తారు. అందులో అత్త కనిపించే ఏడు నిమిషాల వీడియో ఒకటి ఉంది. అత్త సరేనంటేనే దాన్ని చూపిస్తాం. వద్దంటే ఆ తెర నల్లగానే ఉంటుంది. అత్త ఏ తప్పూ చేయలేదని ఆ ఏడు నిమిషాలు చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. ఇప్పుడు చించాలనిపిస్తే చించు. లేదంటే మిగతాది కూడా చదువు.

ప్రదర్శన పెడుతున్నావిడని వీధంతా బొమ్మలక్క అంటోంది. ఆవిడ బొమ్మలు గీయదు, చెక్కదు. జనం పారేసినవి ఏరుతుంది. చెయ్యి విరిగిన కుర్చీ, పిడి ఊడిన పెట్టె, చేపలు లేని గాజు తొట్టె, అద్దాలు లేని కళ్ళజోడు, సగం అరిగిన చీపురు. ఒక వస్తువుని పారేసినప్పుడు వీధిలో ఏ కెమెరా చూసిందో, ఆ కెమెరా నేలకి ఎంత ఎత్తున ఉందో కొలిచి, సరిగ్గా అంతే ఎత్తున ఆ వస్తువుని తీగకి వేలాడదీస్తుంది. పక్కన ఒక పాత తెర, అదీ ఎవరో పారేసిందే. దాని మీద ఆ వస్తువు చెత్తకుండీ దాకా వచ్చిన వీడియో ఆడుతూ ఉంటుంది. లోపలికి వెళ్ళి తలెత్తితే మన సామానే మనల్ని పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. మా అమ్మ ఒకసారి తొంగి చూసి, ఇన్నేళ్ళు ఇల్లు ఊడ్చినందుకు చివరికి నా చీపురు నా మీదే నిఘా పెట్టిందా అని నవ్వుకుంటూ వెళ్ళింది.

ఆ వీడియోలన్నీ ఇచ్చింది కెమెరా బాబాయి. ఆయన పేరు చూడగానే నీ కనుబొమలు ముడిపడ్డాయని తెలుసు. కాస్త ఓపిక పట్టు. ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా తలలు లెక్కపెట్టిన మనిషి, రిటైరయ్యాక వీధి సంఘానికి కార్యదర్శి అయి వీధిలో తలలు లెక్కపెట్టాడు. మన ఐదు కెమెరాల్లో పడిన ప్రతిదీ ఏ వారానికా వారం డిస్కుల్లోకి ఎక్కించి, చెప్పుల అట్టపెట్టెల్లో పెట్టి మంచం కింద దాచాడు. బొమ్మలక్క అడగ్గానే పెట్టెలన్నీ మోసుకొచ్చాడు. ఒక్క పెట్టె మాత్రం ఇవాళా రేపూ అంటూ అన్నిటికంటే చివర్న ఇచ్చాడు. అడక్కుండా ఎవరి ముఖమూ చూపించకూడదని ఆయన షరతు. బొమ్మలక్క నియమం కూడా అదే.

నా పని చీటీలు రాయడం. ప్రతి వస్తువు పక్కనా చిన్న చీటీ ఉంటుంది. కాలేజీలో ఎవరైనా తెలుగు బాగా రాసేవాళ్ళు కావాలంటే నేను ఎగురుకుంటూ వెళ్ళాను. నీకు తెలుసుగా, కొత్త మాట దొరికితే ఆ రోజంతా చప్పరింపు బిళ్ళలా బుగ్గన పెట్టుకు తిరుగుతాను. నువ్వు నాకు డిక్షనరీ అని పేరు పెట్టింది అందుకే కదా.

మొదటి చీటీ చెయ్యి విరిగిన కుర్చీకి రాశాను. ఎన్నో సాయంత్రాల కబుర్లు మోసి అలసిన కుర్చీ నిర్దయగా వీధిపాలైందని రాసి, మెచ్చుకుంటుందేమోనని పక్కనే నిలబడ్డాను. బొమ్మలక్క చదివి, ఎర్ర పెన్సిలు తీసింది. సాయంత్రాల కబుర్లు ఏ కెమెరా చూసిందని అడిగింది. నిర్దయ వీడియోలో ఎన్నో నిమిషంలో ఉందని అడిగింది. అన్నీ కొట్టేసి, మళ్ళీ చూసి కనపడిందే రాసుకు రమ్మంది. అలిగాను. వెక్కి వెక్కి కాదు గానీ, బాత్రూములో కాస్త ఏడ్చాను కూడా. తర్వాత కూర్చుని ఆ వీడియో ఆరుసార్లు చూశాను. చివరికి నిలిచిన చీటీ ఇది: 'ఉదయం 8:05. ఒకాయన కుర్చీ పెట్టి వెళ్ళాడు. వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.' గువ్వా, ఆ వెనక్కి తిరగడం మొదటి ఐదుసార్లూ నాకు కనపడలేదు. నా మాటల మోజులో నేనున్నాను మరి.

అలా నెల రోజులు రాశాను. ఈపాటికి చీటీలు నలభై దాటాయి. ఇక నీకు చెప్పాల్సింది చెబుతాను. నీకు తెలిసిందే మళ్ళీ ఎందుకంటే, వరసగా రాసుకుంటూ పోతేనే నాకు ధైర్యం వస్తోంది.

ఆ రోజు ఎదురింటి లెక్కల మాస్టారి కొడుకు ఓడ మీద ఉద్యోగానికి బయలుదేరాడు. పదకొండున్నరకి ఇంటికి తాళం వేసి, అందరూ అతన్ని దిగబెట్టడానికి స్టేషనుకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వరండాలో టేబుల్ ఫ్యాను లేదు. మాస్టారు మొదటిసారి బళ్ళో ఉద్యోగానికి చేరినప్పుడు కొనుక్కున్న ఫ్యాను అది. దాని గాలికే పరీక్ష పేపర్లు దిద్దేవారు. లాండ్రీ కొట్టు కెమెరాలో చూస్తే, 12:10కి అత్త గుడ్డ కప్పిన ఫ్యాను చంకన పెట్టుకుని, అటూ ఇటూ చూసి మీ ఇంటివైపు వెళ్తోంది.

అత్త దాచలేదు. ఫ్యాను గోడ బయట చెత్తకుండీ పక్కన ఉందనీ, గేటు దగ్గర నిలబడి అడిగాననీ, లోపలినుంచి ఎవరో తీసుకెళ్ళమన్నారనీ చెప్పింది. పన్నెండూ పదికి లోపల ఎవరున్నారని వీధి అడిగింది. తాళం వేసిన ఇల్లు మాట్లాడుతుందా అంది. కొడుకుతో ఫోను కలిసినప్పుడు మాస్టారు, మనం వెళ్ళాక ఇంటికి ఎవరైనా వస్తామన్నారా అని మాత్రం అడిగారట. లేదన్నాడు. సముద్రం మీదున్న బిడ్డని ఫ్యాను గోలతో విసిగించడం దేనికని ఆ ఊసే ఎత్తలేదు. మాస్టారి గేటు కనపడే కెమెరా మాది. దాంట్లో 12:10 దగ్గర తిప్పి చూస్తే వీధి ఖాళీ. అంటే కెమెరాకి దొరక్కుండా పక్కనుంచి వచ్చిందన్నమాట అని తేల్చేశారు.

ఆ సాయంత్రమే కెమెరా బాబాయి ఫోనులోంచి వీధి గ్రూపులోకి పద్నాలుగు సెకన్ల వీడియో వెళ్ళింది. దాని కింద వాక్యం నీకు కంఠతా వచ్చి ఉంటుంది. 'పట్టపగలు, దొంగచాటుగా, చీమ చిటుక్కుమనకుండా మన గుమ్మాలు దాటుతున్న చేతులున్నాయి. జాగ్రత్త.' మూడు రోజుల తర్వాత అత్త ఆ ఫ్యానుని తెచ్చి మాస్టారి వరండాలో పెట్టి వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే తెచ్చిచ్చిందన్నారు. దానికి కొత్త వైరు వేసి ఉందనీ, అంచు కుట్టిన గుడ్డ తొడుగు తొడిగి ఉందనీ ఎవరూ చూడలేదు. తర్వాత మీ గుమ్మంలోకి కుట్టడానికి బట్టలు రావడం ఆగిపోయింది.

నువ్వు మా వరండా మెట్లెక్కి వచ్చావు. ఒక్కటే అడిగావు.

"నువ్వు కూడా నమ్ముతున్నావా?"

"కెమెరాలో కనిపించింది కదా," అన్నాను.

నువ్వు మెట్లు దిగి వెళ్ళిపోయావు. రెండు నెలలకి మీ సామాను వ్యాను ఎక్కింది. ఆ రోజు డిస్కు కూడా నేను చూశాను. కుట్టుమిషను ఎక్కించేటప్పుడు నువ్వు మా ఇంటివైపు చూశావు. వరండాలో ఎవరూ లేరు. నేను కిటికీ కర్టెను వెనక ఉన్నాను.

ఇక్కడిదాకా చదివావంటే నా అదృష్టం. నిజానికి ఇక్కడిదాకా రాసి నేనే లేచిపోయాను. అమ్మ పిలిస్తే వెళ్ళి రెండు బకెట్ల బట్టలు ఆరేసి వచ్చాను. బకెట్టంటే గుర్తొచ్చింది, అసలు కథ దానిదే.

బొమ్మలక్కకి ఒక గోడ నిండా ఐదు కెమెరాలూ ఒకేసారి, ఒకే రోజుని చూపిస్తుంటే బాగుండుననిపించింది. బాగా గాలి వీచి చెత్తంతా వీధిలో తిరిగిన రోజు కావాలంది. వెతికితే ఆ రోజే దొరికింది. ఐదింటినీ కలిపి నడపాలంటే ఐదు కెమెరాలూ చూసిన వస్తువు ఒకటి పట్టుకోవాలి, అది ఒక తెర దాటగానే పక్క తెరలోకి వచ్చేలా జతచెయ్యాలి. నాకు అడుగు పగిలిన నీలం బకెట్టు ఒకటి దొరికింది. గాలికి వీధి పై చివర నుంచి కింది చివర దాకా దొర్లింది పాపం.

లాండ్రీ కొట్టు వీధికి పైన ఉంది, మా ఇల్లు పల్లంలో ఉంది. లాండ్రీ ముందు బకెట్టు 12:31కి దొర్లింది. మా ఇంటి ముందు 11:39కి దొర్లింది. అంటే అక్కడ బయలుదేరకముందే ఇక్కడికి చేరిపోయింది. నేనే ఎక్కడో తప్పు చూశాననుకుని మూడుసార్లు చూశాను. మిగతా మూడు కెమెరాలూ మా కెమెరాతో నిమిషం తేడా లేకుండా సరిపోయాయి. లాండ్రీది ఒక్కటే యాభై రెండు నిమిషాలు ముందుంది.

ఎందుకో నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. లాండ్రీ తాత గోడ గడియారం. మనం బడికి పోతూ దాన్ని చూసి ఎన్నిసార్లు నవ్వుకోలేదు? బట్టలు వేళకి ఇవ్వాలంటే గడియారం నాకంటే ముందు నడవాలిరా అని పది నిమిషాలు ముందుకి తిప్పేవాడు. ఆ పది నిమిషాలూ అలవాటైపోయాక మళ్ళీ పది. అలా అలా యాభై దాటించాడు. కెమెరా బిగించిన మనిషి టైమెంతని అడిగితే, తాత తలెత్తి గోడకేసి చూసి చెప్పాడట. ఆ గడియారం అబద్ధమని వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ అబద్ధం కెమెరాలోకి ఎక్కగానే అందరం నమ్మేశాం.

పన్నెండూ పదిలోంచి యాభై రెండు తీసేస్తే పదకొండూ పద్దెనిమిది. మాస్టారి ఇంటికి ఇంకా తాళం పడలేదు. మా కెమెరాలో అంతకు కాస్త వెనక్కి తిప్పాను. అక్కడ చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఇది నా నలభయ్యో చీటీ, దీని మీద ఎర్ర పెన్సిలు ఒక్కచోటే పడింది.

'11:12. ఒక యువకుడు ఫ్యాను తెచ్చి గోడ బయట, చెత్తకుండీ పక్కన పెట్టాడు. 11:14. సంచితో నడిచొస్తున్న ఒకామె ఆగింది. ఫ్యానుని చూసింది. ముట్టుకోలేదు. గేటు దగ్గరికి వెళ్ళి లోపలికి ఏదో అంది. కాసేపు ఆగి మళ్ళీ అంది. తలుపులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, రెండుసార్లు బయటివైపు ఊగింది. ఆమె సంచిలోంచి గుడ్డ తీసి ఫ్యాను మీద కప్పింది. గాలి ఎక్కువగా ఉంది. అటూ ఇటూ చూసింది. మోటారుసైకిలు వెళ్ళాక రోడ్డు దాటింది.'

గుడ్డ కప్పింది దుమ్ము పడకుండా అని రాశాను. బొమ్మలక్క అది కొట్టేసింది. ఆమె ఎందుకు కప్పిందో మనకి తెలియదు, చెట్లు ఊగడం కనపడుతోంది కాబట్టి గాలి అని రాయి చాలు అంది. అత్త పక్షాన ఒక్క మాట కూడా రాయనివ్వదేమని నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, అత్తకి నా సాయం అక్కర్లేదని అర్థమైంది. ఎవరూ ఏ మాటా కలపకుండా ఉంటే చాలు.

తలుపులోంచి ఊగిన ఆ చేతికి పెద్ద గడియారం ఉంది. ఓడ ఉద్యోగం వచ్చిందని మాస్టారు కొడుక్కి కొనిచ్చినది. మాస్టారిని పిలిచి చూపించాం. ఆయన నిలబడే చూశారు, ఇంకోసారి వెయ్యమన్నారు. ఆ రోజే కొడుక్కి రాసి, ఈసారి ఫ్యాను గురించి అడిగారు. నాలుగు రోజులకి జవాబొచ్చింది. ఫ్యాను వైరు చీలి నిప్పురవ్వలు రాలుతున్నాయట. నాన్న దాన్ని పారెయ్యడు, ఎప్పుడో షాకు కొట్టించుకుంటాడని భయపడి, వెళ్ళే రోజు తనే బయట పెట్టేశాడట. టైలరత్త అడిగితే తీసుకెళ్ళమన్నాను, ఏం, ఏమైంది అని అడిగాడు. అతనికి ఇన్నాళ్ళూ ఏమీ తెలియదు.

మర్నాడు మాస్టారు ఆ ఫ్యానుని భుజాన వేసుకుని మందుల కొట్టుకి వచ్చారు. అత్త కుట్టిన తొడుగు దానికి అలాగే ఉంది. ఏడాదిగా ఒక్కసారీ విప్పలేదట.

"లెక్క తప్పలేదమ్మాయ్, గడియారం తప్పింది," అన్నారు. ఫ్యానుని కింద పెట్టి, "అడగాల్సింది అడక్కపోవడం మాత్రం గడియారం తప్పు కాదు," అన్నారు.

అని, పక్కనున్న చెయ్యి విరిగిన కుర్చీలో కూలబడ్డారు. అది ప్రదర్శనలో వస్తువని చెప్పడానికి మా ఎవరికీ నోరు రాలేదు.

లాండ్రీ తాత తన గోడ గడియారం దింపి తెచ్చిచ్చాడు. ఇప్పుడు టైము తెలియక బట్టలన్నీ ఆలస్యంగా ఇస్తున్నాడు, తిట్లు తింటున్నాడు. అత్త తియ్యదని మొదటినుంచీ అన్న ఒకే ఒక్క మనిషి ఆయన. ఇప్పటికీ గుండీలు ఊడిన చొక్కాలు అత్తకే పంపుతున్నాడని నాకు మొన్నే తెలిసింది. ఈ చిరునామా ఆయన రసీదు వెనక రాసిచ్చిందే.

మాస్టారు, వాళ్ళావిడ మీ ఇంటికి రావాలనుకుంటున్నారు. వస్తే తలుపు తీస్తారో లేదోనని ఆగారు. ముందు నేను రాస్తానని నేనే ఆపాను. ఏడు నిమిషాలు గ్రూపులో పెట్టాలని కొందరు తొందరపడుతున్నారు. బొమ్మలక్క ససేమిరా అంది. అత్తని అడక్కుండా పద్నాలుగు సెకన్లు చూపించి ఒకసారి తప్పు చేశారు, అడక్కుండా ఏడు నిమిషాలు చూపిస్తే అది రెండో తప్పు అవుతుంది అంది. అందుకే అంతా అత్త ఇష్టం. సరేనన్నా, వద్దన్నా ఒక్క మాట రాస్తే చాలు. ఏమీ రాయకపోతే వద్దన్నట్టే తీసుకుంటాం. తెర ఆపేసి ఉంచుతాం.

ఫ్యాను మాత్రం తిరుగుతోంది. మాస్టారు స్విచ్చి వేసి చూపించారు, చప్పుడు కూడా లేదు. అత్త వేసిన వైరు అలా ఉంది. దాని గాలికి కొట్టులో వేలాడేవన్నీ, నా చీటీలతో సహా, కొంచెం కొంచెం కదులుతూ ఉంటాయి. వస్తే చూద్దువుగాని. రాకపోయినా నిన్ను ఒక్క మాట అనను.

అత్తకి నా నమస్కారాలు చెప్పు. చెప్పాలనిపిస్తేనే.

తలవంచుకుని,
నీ డిక్షనరీ

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, అంటించబోయి, మళ్ళీ బయటికి తీశాను. పైన రాసిందంతా నిజమే. ఒక్క విషయం మాత్రం దాటేశాను.

మీరు వెళ్ళే ముందు రోజు నువ్వు కెమెరా బాబాయి గేటు దగ్గర నిలబడి, ఇంత వయసొచ్చి ఒక ఆడమనిషి గురించి అలాంటి మాట రాయడానికి చెయ్యెలా వచ్చిందని నిలదీశావు. ఆయన తల దించుకుని విన్నాడు. ఆ వాక్యం ఆయన రాయలేదు. నేను రాశాను.

ఆయన రాయబోయింది, మాస్టారి ఫ్యాను కనపడటం లేదు, తెలిస్తే చెప్పండి అని. ఫోను మీద వేళ్ళు కుదరక నన్ను పిలిచాడు. ఇది చప్పగా ఉంది బాబాయ్, ఎవరూ చదవరు అన్నాను. 'చీమ చిటుక్కుమనకుండా' అన్న మాట ఆ వారమే నాకు దొరికింది, ఎక్కడ వాడదామా అని చూస్తున్నాను. కాగితం మీద పెన్సిలుతో రాసి, చదివి వినిపించి, ఆయన ఫోనులో నేనే కొట్టి పంపాను. గ్రూపులో ఎవరో వాక్యం భలే ఉందన్నారు. ఆ రోజు దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. అందులో అత్త ఉందని ఒక్కసారీ అనుకోలేదు.

బాబాయి చివర్న ఇచ్చిన పెట్టె ఆ వారానిదే. విప్పితే డిస్కు కింద నా కాగితం ఉంది. ఇన్నాళ్ళూ నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. నాది ఆఖరి స్టాపు దగ్గరికొచ్చిన బస్సమ్మా, నువ్వింకా ఇప్పుడే ఎక్కావు అన్నాడు.

అత్త సరేనన్నా వద్దన్నా, ఆ కాగితం మందుల కొట్టులో చివరి తీగకి ఉంటుంది. అది నలభై ఒకటో వస్తువు. దాని చీటీలో బొమ్మలక్క ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు:

'పెన్సిలుతో రాసిన ఒక వాక్యం. రాసినామె ఎదురింట్లో ఉంటుంది. ఏ కెమెరాలోనూ కనపడలేదు.'